జేబు కెమెరాయు, నిత్యజీవిత చిత్రములును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పుస్తకముల పండుగలో కెమెరాను గూర్చిన ప్రసంగమేల యని కొందఱికి సందేహము కలుగవచ్చును. గ్రంథాలయము గతించినవారి మాటను బ్రదికియున్నవారికి అందించుచున్నది. ఆ పనిలో అక్షరమునకు లొంగని భాగము కొంత కలదు. తాతగారి దస్తూరి పాత దస్తావేజులలో దొరకును. ఆయన తలపాగా చుట్టుకొను తీరు ఏ దస్తావేజులోను దొరకదు. ఆ లోటు తీర్చుటకు వచ్చిన సాధనములలో జేబులో ఇముడునంతటి ఫిల్ము కెమెరా యొకటి. చాల కాలము సామాన్యుల యిండ్లలో మెలగి, సెల్‌ఫోను వచ్చిన పిదప బీరువా అడుగునకు చేరిన యంత్రమిది.

పల్లెలలో తఱచుగా జరుగు విషయమొకటి అందఱును ఎఱిగినదే. ఇంటి పెద్ద కాలము చేయును. కర్మనాటికి పటము కట్టించి దండ వేయవలెను. ఇల్లంతయు వెదకినను ఫోటో దొరకదు. తుదకు ఓటరు గుర్తింపు కార్డులోని చిన్న ముఖమును పట్టణములో పెద్దది చేయించి తెత్తురు. డెబ్బది యేండ్లు నవ్వుచు, కేకలు వేయుచు, మనుమలను భుజములపై మోయుచు బ్రదికిన మనిషి, అధికారి చెప్పినట్లు బిగుసుకొని కూర్చున్న ఒక్క క్షణపు రూపముతో గోడమీద మిగిలిపోవును. స్త్రీల విషయము మఱింత కష్టము. ఎవరి పెండ్లిలోనో మూడవ వరుసలో సగము కనబడిన ముఖమే కొందఱు తల్లులకు ఉన్న ఏకైక చిత్రము. ఇందుకు బీదతనమొక్కటే కారణము కాదు. ఫోటో తీయించుకొన్నచో ఆయువు తఱుగునను భయము పూర్వులలో నుండెను. అంతకంటె ముఖ్యముగా, ఫోటో యనునది శుభకార్యమునకే గాని పనిపాటలకు కాదను భావము బలముగా నుండెను.

ఆ భావము పుట్టుటకు తగిన హేతువు లేకపోలేదు. హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ (1844–1905) కాలమున కెమెరా యనగా కొయ్యపెట్టె, దానిని నిలుపుటకు మూడుకాళ్ల పీట, దానివెంట గాజు పలకల బరువు. పరదా స్త్రీల కొఱకు ఆయన 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా జెనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణము ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించెను. ఆయన గాజు పలకలు పెక్కు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ప్రభువుల కొలువులు, మేడలు, వేటలు వానిలో అద్భుతముగా నిలిచినవి. కాని అంత బరువును పాలు పితుకు చోటికో, వడ్లు దంచు చోటికో ఊరకే మోసికొని పోవువారుందురా? ఖర్చును శ్రమయు పెరిగినకొలది చిత్రమునకు ఘనమైన సందర్భమే కావలసి వచ్చును.

ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్నవాడు అమెరికాలోని రాచెస్టరు పట్టణవాసి జార్జి ఈస్ట్‌మన్. 1888లో ఆయన అమ్మకమునకు పెట్టిన కొడాక్ కెమెరాలో 100 చిత్రములకు చాలిన చుట్ట ఉండెను. వెల 25 డాలర్లు. చిత్రములన్నియు తీసిన పిదప కెమెరానే కర్మాగారమునకు పంపవలెను. వారు 10 డాలర్లు పుచ్చుకొని చిత్రములు కడిగి, క్రొత్త చుట్ట ఎక్కించి మరల పంపుచుండిరి. 1900లో అదే సంస్థ బ్రౌనీ యను పెట్టె కెమెరాను ఒక్క డాలరునకే అమ్మెను. 1912లో వచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్ మడిచినచో కోటు జేబులో పట్టునది. మొదటి ప్రపంచ యుద్ధమున సైనికులు పలువురు దానిని వెంట గొనిపోయిరి. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున లైట్జ్ సంస్థలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసరోగి. పెద్ద కెమెరాలను మోయజాలక, సినిమాలకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై 24కు 36 మిల్లీమీటర్ల చిన్న చిత్రము తీయు యంత్రమును కల్పించెను. 1925లో అది లైకా యను పేర అంగడికి వచ్చెను. తరువాత ఇంటింటికి చేరిన 36 చిత్రముల రీలు కొలత ఇదియే. ఒకరి ఊపిరి ఇబ్బంది లోకమునకెల్ల బరువు తగ్గించినదన్నమాట.

ఈ దేశమున సామాన్యుడు మొదట చేతబట్టినది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 వంటి పెట్టె కెమెరా. దానికి 12 చిత్రముల లావుపాటి రీలు. 1960లో ఊటీయందు స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారు ‘ఇందు’ యను పేరుతో నలుపు తెలుపు ఫిల్ము తయారు చేసిరి. ఆ కర్మాగారము పిదప మూతపడినది. ఆ తరువాత కాలమున గల్ఫు దేశములకు పొట్టకూటికి పోయిన కోనసీమ, కడప, కరీంనగరు ప్రాంతములవారు సెలవులకు వచ్చునపుడు టేపు రికార్డరుతోపాటు జపాను కెమెరాయు తెచ్చుచుండిరి. ఆ జపానువారే మీట నొక్కువాని శ్రమను ఒక్కొక్కటిగా తొలగించిరి. కొనికా సంస్థ 1975లో మెఱుపుదీపమును కెమెరాలోనే ఇమిడ్చెను. 1977లో దూరమును తానే కొలిచి కటకమును సరిచేసికొను కెమెరాను అంగడికి తెచ్చెను. 1979లో కానన్ వారు రీలును తానే త్రిప్పుకొను ఏర్పాటును చేర్చిరి. అదే సంవత్సరమున ఒలింపస్ వారి ఎక్స్‌ఏ, మైతాని యను శిల్పి రూపకల్పనలో, సంచి యక్కఱలేకుండ తన మూతను తానే జరుపుకొను డబ్బీవలె వచ్చెను. ఇంక చేయవలసిన పని చూచుట, నొక్కుట.

ఫిల్ములో జరుగు కార్యము మాత్రము విచిత్రమే. పశువుల చర్మములనుండియు ఎముకలనుండియు తీసిన జిగురులో వెండి లవణపు రేణువులు చల్లబడి యుండును. సెకనులో నూఱవ వంతు వెలుతురు సోకినచో ఆ రేణువులలో కంటికి కనబడని మార్పు కలుగును. ఆ గుప్తచిత్రము చీకటిలో, మందునీటిలో మేలుకొనును. రంగుల ఫిల్మునకు ఆ నీరు 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, సుమారు మూడుంబావు నిమిషములు ఉండవలెను. మానవదేహపు వేడికంటె కొంచెమే ఎక్కువ. మార్పు చెందని వెండిని తొలగించు హైపో గుణమును 1819లోనే కనిపెట్టినవాడు జాన్ హర్షెల్. ఆయన తండ్రి విలియం యురేనసు గ్రహమును కనుగొన్న ఖగోళవేత్త.

యంత్రము తన పని తాను చేసికొనునని చెప్పినంతమాత్రమున దానిని కలిగియుండువానికి తెలివి యక్కఱలేదని కాదు. చిన్న మెఱుపుదీపము పది పండ్రెండు అడుగులకు మించి సాగదు. రాత్రి రథోత్సవమున దూరమునుండి దానిని వెలిగించినవారికి ముందున్నవాని ముండనపు తల తెల్లగాను, స్వామి నల్లగాను వచ్చుటకు కారణమిదియే. చూచు కిటికీ వేఱు, చిత్రమును పట్టు కటకము వేఱు. కావున మిక్కిలి దగ్గఱకు పోయినచో నడినెత్తి తెగును, వ్రేలు అడ్డుపడినను కిటికీలో తెలియదు. ఎండ వెనుకనున్నచో ముఖము నీడలో మునుగును. ఇంటిలోపలి వెలుతురునకు 100 అంకెగల రీలుకంటె 400 అంకెగలది మేలు. రీలు వెనుకకు చుట్టుకొనక మునుపే మూత తెఱచుట మహాపరాధము. పిల్లల కుతూహలమునకు ఎన్ని పెండ్లిండ్లు బలియైనవో లెక్క లేదు. వేసవిలో రేకుల కప్పు క్రింద, కారులో దానిని ఉంచరాదు. వాడనప్పుడు బ్యాటరీలను తీసి దాచవలెను. తేమ ఎక్కువగల సీమలలో కటకమునకు బూజు పట్టును.

ఇంక 36 అను సంఖ్య. దీనిని చిట్టాలోని 36 గీతలుగా భావించిన తప్పులేదు. ప్రతి గీతకు ఖర్చు పడును. రీలు వెల, కడుగు కూలి, ప్రింటు వెల కలిపి నేడు అది స్వల్పముగా లేదు. పూర్వము పెక్కిండ్లలో ఆ గీతలన్నియు పెండ్లికి, నామకరణమునకు, తిరుపతి ప్రయాణమునకు వ్రాసి, ఒకటి రెండు మిగిలినచో రీలు ఎప్పుడు పూర్తియగునా యని తొందరపడి, కుక్కను, కొబ్బరిచెట్టును, పెరటిలో గిన్నెలు తోముచున్న నాయనమ్మను తీసి ముగించుచుండిరి. ముప్పది యేండ్లు గడచిన పిదప ఆల్బము తెఱచినవారు పెండ్లి వేదికను చకచక దాటి, ఆ గిన్నెలు తోము నాయనమ్మ యొద్దనే ఆగుదురు. తొందరలో ఖర్చు వ్రాసినదే అసలు జమగా తేలును.

ఈ మర్మమును బాల్యమునందే పట్టినవాడు ఫ్రాన్సుదేశీయుడైన జాక్ ఆన్రీ లార్తీగ్. 1894లో పుట్టి, ఏడెనిమిదేండ్ల వయసునుండియే కెమెరా పట్టి, తన యింటివారు మెట్లపైనుండి దూకుటను, ఆటబండ్లు త్రోలుటను, నీటిలో పడుటను తీసెను. 1963లో న్యూయార్కు ఆధునిక కళాశాల వాని చిత్రములను ప్రదర్శించుదాక లోకము ఆయనను అంతగా ఎఱుగదు. పిల్లవాని యింటి యాటలు అప్పటికి ఒక దేశపు గతకాలమునకు సాక్ష్యములైనవి.

అయితే చిత్రము తనంత తాను మాటాడదు. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకము చదివినవారికి ఇది చక్కగా బోధపడును. వనవాసము ముగిసి, పట్టాభిషేకము జరిగి, జనకుడు వెడలిపోగా సీత దిగులుతో నుండును. అప్పుడు లక్ష్మణుడు వచ్చి, తమ చరితమును చిత్రకారుడు చిత్రించినాడు, చూడుడని పిలుచును. ముగ్గురును తమ గతజీవితమునే చిత్రములలో చూతురు. కుటుంబము కూర్చుండి ఆల్బము తిరుగవేయుటకు ఇంతకంటె అందమైన దృశ్యము సాహిత్యమున అరుదు. లక్ష్మణుడు ఒక్కొక్కరిని చూపుచు పేరు చెప్పుచుండును: ఈమె మీరు, ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి. అంతట సీత మిగిలిన యొకతెను చూపి, మఱి యీమె యెవరని చిలిపిగా అడుగును. ఆమె ఊర్మిళ, లక్ష్మణుని యిల్లాలు. ఆయన సిగ్గుపడి మాట తప్పించి పరశురాముని చిత్రము చూపును. మఱికొంతసేపటికి శూర్పణఖను చూచి సీత నిజముగానే భయపడగా, ఇది చిత్రమే గదా యని రాముడు ఊరడింపవలసి వచ్చును.

ఆ వేళ చిత్రములోని ప్రతివారిని ఎఱిగినవారు చెంతనే యుండిరి గనుక ఊర్మిళ పేరు నిలిచినది. వారు లేని యింటిలో ఆ చిత్రమున ఆమె ఎవరో యొక స్త్రీ. పల్లెయిండ్ల ఆల్బములలో నేడు ఇట్టి ఊర్మిళలు ఎందఱో కలరు. చక్కని చిత్రము, స్పష్టమైన ముఖము, ఎవరో తెలియదు. తెలిసిన ముసలమ్మ రెండేండ్ల క్రిందటనే పోయినది. కావున ప్రింటు వచ్చిన దినముననే దాని వెనుక మెత్తని పెన్సిలుతో, ఒత్తక, పేరు, ఊరు, నెల, సంవత్సరము వ్రాయవలెను. సిరాకలము ఆ నున్నని కాగితముపై అలుకుకొని ప్రక్క ఫోటోకు అంటును. “అమ్మ” యని వ్రాసిన చాలదు. వ్రాసినవానికే ఆమె అమ్మ, వాని మనుమనికి కాదు. నెగెటివులను పాఱవేయుట మిక్కిలి పొరపాటు. ప్రింటు రంగు వెలిసినను దానినుండి మరల తీయవచ్చును.

సెల్‌ఫోను ఉండగా ఇవన్నియు ఏల యని యువకులు అడుగుదురు. అడుగవలసినదే. ఫోను నిందింపదగినది కాదు. పాలు పితుకుచున్న తల్లిని అది క్షణములో తీయును, ఖర్చు లేదు. కాని వేల చిత్రములలో ఆమె చిత్రము ఎక్కడనున్నదో ఎవరికిని తెలియదు, ఫోను నీటిలో పడిననాడు అదియు పోవును. రీలుకు పేదఱికమే మేలు చేసినది: తక్కువ చిత్రములు గనుక ప్రింటు చేయించిరి, ప్రింటు గనుక పెట్టెలో దాచిరి. ఫోనుతో తీసినవారు సంవత్సరమునకు 36 చిత్రములు ఏఱి ప్రింటు చేయించినను అదే ఫలము. ఫిల్ముతో తీయదలచినవారికి త్రోవ పూర్తిగా మూయబడలేదు. కొడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరినను ఫిల్ము తయారీ నిలువలేదు. 2024లో పెంటాక్స్ 17 అను క్రొత్త ఫిల్ము కెమెరాయు వచ్చెను. బీరువా అడుగున పడియున్న పాతదానిని తుడిచి, ఎండలో మూత తెఱచి, కొత్త బ్యాటరీ వేసి చూచుట దానికంటె చవుక.

ఒక్క విషయము మిగిలినది. ఆల్బములన్నిటిలోను కనబడనివాడొకడు ఉండును: కెమెరా పట్టినవాడు. అందఱిని నిలువబెట్టి, నవ్వుడని చెప్పి, తాను వెలుపలనే ఉండిపోవును. ఇతనికొఱకు చాల జేబు కెమెరాలలో చిన్న మీట యొకటి కలదు. దానిని నొక్కినచో సుమారు పది సెకనులు ఆగి చిత్రము పడును. కెమెరాను అరుగు మీదనో, నూతి గట్టు మీదనో కదలకుండ పెట్టి, నొక్కి, పరుగెత్తుకొనివచ్చి అందఱి నడుమ నిలువవలెను. అట్టి చిత్రములలో అతని పంచె కొంత చెదరి యుండును, ఊపిరి ఆడుచుండును, ప్రక్కనున్న పిల్లలు కెమెరాను గాక అతనినే చూచి నవ్వుచుందురు. ప్రతి రీలులో ఒక గీత అందుకు విడిచి పెట్టవలెను.