పని నేర్చిన చేతికి చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము 25 ఏండ్లు తలుపులు మూయక నడచుట సామాన్య విషయము కాదు. ఈ శుభ సమయమున, పనిముట్టు పట్టి పని నేర్చిన పిదప ఇంజనీరింగు చదువగోరు యువకుల విద్యార్థి వేతనములను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలకు ఈ విద్య పరాయిది కాదు. పాలమూరు కూలీలు ఎన్నో ఆనకట్టలకు రాళ్లు మోసిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము మన నల్లగొండ అంచుననే లేచినది. వనపర్తి ప్రాంతమున 1959లో ప్రారంభమైన సరళాసాగరమున, చెరువు నిండగనే మనిషి చేయి తగులకయే సైఫనులు మిగులునీటిని వదలును. వనపర్తిలో పాలిటెక్నిక్ వెలసినదియు ఆ యేడే. రాళ్లు మోసిన చేతులు మనవి. పటములు గీసిన చేతులలో మనవెన్ని?

నేడు దారి లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము కర్మాగారములు యువకులకు పని నేర్పుచు నెలనెలా భృతి నీయవలెను. 1973లో ఆ చట్టమును డిప్లొమా, పట్టభద్ర ఇంజనీర్లకును వర్తింపజేసిరి. 2019 నిబంధనలు పదవ తరగతి చదివినవారికి నెలకు 6000, డిప్లొమావారికి 8000 రూపాయలు కనీస భృతిగా నిర్ణయించినవి. ఐ.టి.ఐ. ముగించినవారు ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండవ సంవత్సరమునను, డిప్లొమా ముగించినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు కళాశాల రెండవ సంవత్సరమునను చేరవచ్చును.

మెట్లున్నవి గాని, నడుమ ఒక మెట్టు విరిగియున్నది. భృతి పని నేర్చినంత కాలమే. ఆ యువకుడు కళాశాలలో చేరిననాడు సంపాదన ఆగును. అప్పటికి తండ్రికి వయసు పైబడియుండును. బోరుబావి అప్పు తీరియుండదు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున విస్తరించిన బోధన రుసుముల పథకము కళాశాల రుసుమును గూర్చినది. ఆగిపోయిన జీతమునకు అది బదులు కాదు. కావున తెలివి లేక కాదు, ఇల్లు గడవక వాడు చదువు మానును.

“పని దొరికినవానికి మరల చదువెందుకు?” అని కొందరడుగుదురు. కాలిన మోటారును బాగుచేయుట ఒక విద్య. ఎంత లోతు బావికి ఎంత శక్తిగల మోటారు కావలెనో లెక్కగట్టి, అది కాలకుండ చూచుట మరియొక విద్య. రెండును తెలిసినవాడు ఊరికి నిధి.

ఈ సంగతి నెరిగిన మహనీయుడు ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్. హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పనివాడుగా చేయి తిప్పి, పిదప యంత్ర నిర్మాతయై, 1841లో మరమేకుల మరలకు ఏకరూపమైన కొలతలు ప్రతిపాదించెను. 1868లో ఏటికి 100 పౌండ్ల చొప్పున 30 విద్యార్థి వేతనములకు సొమ్ము సమర్పించెను. శాస్త్ర పాఠముతోబాటు చేతిపనిని గూడ పరీక్షించుట వాని విశేషము. నేటికిని ఆ వేతనములు పని నేర్చి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులకే దక్కుచున్నవి.

అంత దూరమేల? 1896లో హైదరాబాదు సంస్థానము విద్యార్థి వేతనమిచ్చి ఇంగ్లండు పంపిన యువకుడే పిదప నవాబ్ అలీ నవాజ్ జంగ్. నిజాంసాగరము ఆయన ప్రతిభకు సాక్షి. ఒక్క వేతనము ఎన్ని యెకరములను తడిపినదో ఆలోచింపుడు!

మన గ్రంథాలయము మూడు పనులు చేయగలదు. ప్రవేశ పరీక్షల, వేతనముల ప్రకటనలను దరఖాస్తు గడువులతో గోడపై అంటింపవలెను. గణితము, యంత్రశాస్త్రము, విద్యుత్తు గూర్చిన తెలుగు పుస్తకములకు ఒక బీరువా కేటాయింపవలెను. పంట కాలమున ఇంటికింత అని కూర్చి, పని నేర్చి చదువబోవు ఒక్కరికైనను—బాలుడో, బాలికయో—భోజన వసతులకు నెలనెలా తోడ్పడవలెను. అది భిక్ష కాదు. చదువు ముగించి సంపాదించునాడు వారు మరియొకరికి అందింపవలసిన ఋణము.

ఈ రజతోత్సవము ముగియుటకు ముందే ఆ నిధికి తొలి రూపాయి పడునని ఆశించుచున్నాను.