శీతకాలపు తుదిదినములలో ఐరిస్ తోట



మన పాఠశాల తోటలో ఐరిస్ పూలు పెంచవలెనని కొందఱు తలిదండ్రులు కోరియున్నారు. చలిసీమలోని నర్సరీలలో ఆ మొక్కకు జరుగు ఉపచారమును చెప్పెదను. విన్నపిదప మీరే నిర్ణయింపుడు.

కాశ్మీరమున డిసెంబరు 21 మొదలు 40 దినములు కఠినమైన చలి. దానికి చిల్లై కలాన్ అని పేరు. పిదప 20 దినములు చిల్లై ఖుర్ద్, మఱి 10 దినములు చిల్లై బచ్చా. మొదటి 40 దినములు దుంప నిద్రించును. తోటమాలికి పని తక్కిన 30 దినములలోనే. పగలు మంచు కరగును. రాత్రి ఆ నీరు మరల గడ్డకట్టును. నేల ఉబ్బి, సరిగా వేళ్లూనని దుంపలను పైకి నెట్టును. వానిని మెల్లగా అదిమి కుదురుపఱచవలెను.

మనము పసుపు కొమ్మును మట్టితో కప్పుదుము. రేకులపై గడ్డమువంటి నూగు గల ఐరిస్ జాతికి అది పనికిరాదు. వేళ్లు మట్టిలో, దుంప వీపు ఎండలో ఉండవలెను. ఎండుటాకులు పేర్చి వెచ్చగా కప్పుట దయవలె తోచును గాని, ఆ తడికి దుంప కుళ్లును. ఆకుమచ్చ తెగులు పాత ఆకులలోనే శీతకాలము గడపును. కావున వానిని ఏఱి తగులబెట్టుదురు. పిమ్మట ఒక్కొక్క దుంపను వ్రేలితో నొక్కి చూతురు. గట్టిగా నున్నచో మేలు. మెత్తబడి దుర్వాసన కొట్టినచో, మంచి కండ కనబడువఱకు కోసివేసి, కత్తిని శుభ్రపఱతురు. ఈ పనిలో బద్ధకించిన నర్సరీ మొక్కతోపాటు తెగులును గూడ అమ్మును. కొన్నవాని మడియు పాడగును. కుండీలకు నీరు, పైమట్టి ఆరినపిదపనే. నత్రజని హెచ్చుగా నున్న ఎరువు వేసినచో ఆకు ఏపుగా పెరుగును, దుంప కుళ్లునకు లోనగును. (మనము పాయసములో వేసికొను కుంకుమపువ్వును ఈ కుటుంబములోనిదే సుమా!)

ఇక మన మాట. ఈ జాతి చక్కగా పూయుటకు చలినిద్ర కావలెను. మన బళ్లారి ఎండలలో ఆకులు వచ్చినను పువ్వును నమ్మరాదు. ఏడాదిపాటు నీరు పోసిన పిల్లలకు ఆకులు మాత్రమే చూపుట నాకు సమ్మతము గాదు. పాఠశాల సొమ్మును దీనికి వెచ్చింపవలదని నా మనవి. దాని బదులు మెట్టతామర దుంపలు తెప్పింపుడు. అది వేడిని ఓర్చును, రంగులకు కొఱత లేదు. ప్రతి పిల్లవానిచేతను, పిల్లచేతను నాటుటకు ముందు దుంపను నొక్కి చూపింపుడు. దీనిని మాత్రము మట్టితో కప్పవలెనని వారికి చెప్పుట మఱవకుడు.