చిత్రకథా రచన: ఒక బాటయా, పలు బాటలా?

మొన్న వేసవిలో ఒక యువకుడు నాలుగు కాగితపు కట్టలు చంకనిడుకొని మా యింటికి వచ్చెను. ఒకటి హాస్యకథ, ఒకటి దయ్యముల కథ, ఒకటి నేరపరిశోధన, నాలుగవది పల్నాటి వీరులను గూర్చిన చారిత్రకము. "గురువుగారూ, నాలుగింటిలో ఏదో యొకటి నిర్మాతలకు నచ్చకపోవునా యని వ్రాసితిని. కాని ఒక పెద్దమనిషి, ముందు నీవు ఏ తరహా రచయితవో తేల్చుకొని రమ్మని పంపివేసినాడు. నేనేమి చేయవలెను?" అని యడిగెను. అప్పటికి నాకు తగిన సమాధానము తోచలేదు. కట్టలను నాయొద్దనే విడిచి అతడు వెడలిపోయెను. ఇప్పుడు రేడియోవారు ఈ విషయమును గూర్చియే ప్రసంగింపుమని కోరుటచే, నాడు చెప్పలేకపోయిన మాటలను నేడు శ్రోతల యెదుట చెప్పుకొనుచున్నాను.

మన చిత్రసీమలో కథలకు జాతిభేదము క్రొత్తది కాదు. పౌరాణికము, జానపదము, చారిత్రకము, సాంఘికము అని పూర్వులు విభజించుకొనిరి. నేడు పేర్లు మారినవి. హాస్యమనియు, భయానకమనియు, నేరకథ యనియు వ్యవహరించుచున్నారు. ఉద్దేశ మొక్కటియే: టిక్కెట్టు కొనువానికి లోపల నేమి దొరకునో ముందుగా తెలుపుట. ఇది వర్తకునకు మిక్కిలి అవసరమైన పేరు. రచయితకు దీనితో ఎంత పని యున్నదో విచారింపవలెను.

పింగళి నాగేంద్రరావుగారిని తలచుకొందము. 1901లో జన్మించి, చిరకాలము నాటకరచనలో కృషిచేసి, పిమ్మట చిత్రసీమలో స్థిరపడినవారు. 1951లో 'పాతాళభైరవి' వెలువడునప్పటికి వారికి ఇంచుమించు ఏబది యేండ్లు. అది జానపదము. 1955లో పాటలు వ్రాసిన 'మిస్సమ్మ' సాంఘికము. 1957నాటి 'మాయాబజార్' పౌరాణికము. 1962నాటి 'మహామంత్రి తిమ్మరుసు' చారిత్రకము. పైపైన చూచువారికి ఈయన నాలుగు దిక్కులకు పరుగెత్తిన రచయితవలె కనబడును.

కాని 'మాయాబజార్'ను మరల నొకసారి చూడుడు. పాండవులు రాజ్యము కోల్పోవుటయే కథకు మూలము. అయినను ఆ యైదుగురిలో ఒక్కరును తెరపై కనబడరు. మరి కనబడున దేమి? ఒక మేనరికము. చిన్ననాడే అనుకొన్న సంబంధము. మేనత్తవారి యాస్తి పోగానే మనసు మార్చుకొన్న పిల్లతల్లి. భార్య మాటకు తలయూపు ఇంటి పెద్ద. కలిగినవారి సంబంధము కొఱకు ఆర్భాటము. కిరీటములు తీసి పంచెలు కట్టించినచో, కృష్ణాతీరమున ఏ యింటనైనను జరుగదగిన పెండ్లితగాదా! 'పాతాళభైరవి'లోని తోటరాముడును రాజుతో సరితూగు సంపద తెచ్చిననే పిల్లను పొందగలవాడు. ధనమునకును పెండ్లికిని గల లంకెను పింగళివారు ఎఱిగినట్లు ఎఱిగినవారు అరుదు. వేషములు వేరైనను ఇల్లు ఒక్కటియే. ఆ యింటిలో అంత చనవు ఉండుటచేతనే కాబోలు, 'వీరతాడు', 'అసమదీయులు' వంటి మాటలను రాక్షసుల నోట ఆటగా పలికించి, నేటికిని మన నోళ్లలో నిలిపిరి. 'తిమ్మరుసు' మాత్రము నా యీ లెక్కకు లొంగదు. దానిని బలవంతముగా లొంగదీయను.

ముళ్లపూడి వెంకటరమణగారి సంగతి ఇంకను విచిత్రము. 'బుడుగు'ను సృష్టించిన హాస్యరచయితకు చిత్రములలో తొలుత దొరకిన పని 1962నాటి 'రక్తసంబంధం'. అది 'పాశమలర్' అను తమిళచిత్రమునకు తెలుగురూపము, అన్నాచెల్లెండ్ర కన్నీటిగాథ. నవ్వించువానికి ఏడ్పు పని అప్పగించుట సాహసమే. కాని ప్రేక్షకులు ఏడ్చిరి. ఇందు నాకు తోచిన రహస్యమిది: ఒక్క మాట యెక్కువైనచో నవ్వు చచ్చునని హాస్యరచయితకు అనుభవముచే తెలియును. కన్నీటికిని అదియే కొలత. ఒక విద్యను అడుగంట నేర్చినవారు గావున రెండవదానిలో ఆయన తడబడలేదు. తరువాత 1971లో 'సంపూర్ణ రామాయణం', 1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చినవి. జంధ్యాలగారు 1977లో 'అడవి రాముడు'కును, 1980లో 'శంకరాభరణం'కును మాటలు వ్రాసిరి. ఆ రెండు చిత్రములను ఒక్క చేయి వ్రాసెనని తెలియనివారికి చెప్పిన నమ్మరు.

ఇక ఒక్క బాటనే నమ్ముకొన్నవారికి విలువ లేదందురా? 1977నాటి 'దానవీరశూరకర్ణ'కు మాటలు వ్రాసినవారు కొండవీటి వేంకటకవిగారు. వారు మహాపండితులు. నాలుగు తరహాలు రుచిచూచినవానికి ఆ వాక్యములు పట్టుబడవు. జీవితమంతయు ఆ భాషలో మునిగియుండవలెను.

నా సంగతి చెప్పుకొనుట కొంచెము సిగ్గుగానున్నది. నేను తొలుత ఒక చిత్రమునకు రెండు హాస్యసన్నివేశములు వ్రాసితిని. జనులు నవ్విరి. ఆనాటినుండి పదునెనిమిదేండ్లు నన్ను పిలిచినవారందఱు "ఇంటర్వెల్ పిమ్మట నవ్వు తగ్గినది, రెండు సీనులు వ్రాసిపెట్టుడు" అని పిలిచినవారే. పెండ్లివారు వంటకొకరిని, మేళమునకొకరిని పిలుతురు; మేళగాని వంట యెట్లుండునో రుచిచూడ నెవరికి తీరిక? ఇల్లు గడచెను, అమ్మాయి పెండ్లి జరిగెను; అందుచే ఎవరిమీదను ఫిర్యాదు లేదు. కాని మా నాయనగారు గతించిన పిదప, ఒక తండ్రికొడుకుల కథ వ్రాయ కూర్చుంటిని. ప్రతి సన్నివేశము చివరను నా కలము తనంత తానే ఒక చమత్కారమును వ్రాసెడిది. కొట్టివేసెడివాడను, మరల వ్రాసెడిది. మరణశయ్యకడ తండ్రి పలుకవలసిన మాట నా చేతికి రాలేదు. ఆ కథ నేటికిని పూర్తికాలేదు.

కావున ఆ యువకునకు నేను చెప్పదలచినది ఇది. పిలుపు రావలెనన్న ఒక పేరుండవలెను. నాలుగు దుకాణముల బోర్డులు ఒక గుమ్మమునకు కట్టినవానిని ఎవరును తలుపు తట్టరు. పేరుకొఱకే కాదు, పనికొఱకును ఒకదానిలో రెండు మూడేండ్లు కూర్చుండవలెను. హాస్యమున ఏ రహస్యము ఎవరికి తెలియును, ఎవరికి తెలియదు అన్నదే యంత్రము. నేరపరిశోధనలో ఆధారమును ప్రేక్షకుని కన్నుల యెదుటనే ఉంచి, అతడు గమనింపకుండ చేయవలెను. భయానకమున చూపక యాపుట తెలియవలెను. ఇవి ఒక్కొక్కటియు చేతిపనులు, చదివిన రావు. అయితే ఏడాదికొకమారు, ఎవరు కొనకపోయినను, వేఱొక జాతి కథను వ్రాసి పెట్టెలో వేసికొనవలెను. నేను చేయని పని ఇదియే.

ఈ ప్రసంగమునకై మొన్న అతని కట్టలను నాలుగింటిని వరుసగా చదివితిని. దయ్యములు నన్ను భయపెట్టలేదు. పల్నాటి యుద్ధము చప్పగానున్నది. కాని ఆ కథలోని కోడిపందెము! ఓడిన పక్షమువారు తలవంచుకొని ఇంటిదారి పట్టిన ఘట్టము నన్ను రాత్రి నిద్రపోనీయలేదు. తక్కిన మూడు కట్టలను మరల తిరుగవేసితిని. హాస్యకథలో ఒక గుమాస్తా భార్య గొలుసును పందెము కాయును. నేరకథలో హతుడు పేకాటలో అప్పులపాలైనవాడు. దయ్యము కూడ, చిత్తగింపుడు, సర్వము పందెమునొడ్డి ఉరిపోసికొన్నదే. నాలుగు తరహాలని వ్రాసినాడు గాని, పాపము, ఒక్క కథనే నాలుగుసార్లు వ్రాసినాడు.

ఫోను చేసి, ఈ పందెములు నీ కెక్కడివి నాయనా యని యడిగితిని. కొంతసేపు మాటాడలేదు. పిదప "మా నాన్నగారండీ" అనెను.

హాస్యకథ కట్టను మొదట బయటికి తీయుదము, వచ్చే ఆదివారము రమ్మంటిని. ఆ గొలుసు ఘట్టమును తిరుగవ్రాసి తెత్తునన్నాడు.