కారు దీపాలు - ఎల్.ఇ.డి. బల్బులు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉండవచ్చు. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం వేరు. పాత కార్లకు ఎల్.ఇ.డి. బల్బులు ఇంట్లోనే బిగించుకోవచ్చునా అని మన సభ్యులు కొందరు అడుగుతున్నారట. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు రిలేల మధ్య బతికినవాణ్ణి గనుక ఈ పని నాకు అప్పగించారు. తెలిసినంతవరకు మనవి చేస్తాను.

పాత బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ కాగి వెలుగుతుంది. అందులో ఖర్చయ్యే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. ఎల్.ఇ.డి.లో తీగ లేదు. ఎర్ర ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. తెల్లని వెలుగుకు అవసరమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

కారులో దీనివల్ల కరెంటు ఆదాను మించిన లాభం ఒకటున్నది. బ్రేకు తొక్కినప్పుడు పాత బల్బు తీగ పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదోవంతు పడుతుంది. ఎల్.ఇ.డి. తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మన వెనుక వచ్చే బండి ఆ కాస్త వ్యవధిలో మూడు మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. ఆ మూడు మీటర్లే ఒక్కోసారి ప్రాణాన్ని కాపాడతాయి.

నా కారు 2012 నాటిది. సర్వీసు సెంటరువారిని, రవాణా కార్యాలయంవారిని అడిగిన తరువాతనే వెనుక దీపాలు, నంబరు ప్లేటు దీపం నేను మార్చుకున్నాను. మీరూ ముందుగా అడగండి. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పెన్షనుమీద బతికేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక పని విధానం. ముందు బండి ఆపి, బల్బులు చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీగను ముందు విప్పండి, చివర బిగించండి. పాత బల్బు అడుగున ఉన్న అంకెలు చదవండి. 12 వోల్టులు, 21/5 వాట్లు అని ఉంటే అది రెండు పనులు చేసే బల్బు: 5 వాట్లు రాత్రి దీపానికి, 21 వాట్లు బ్రేకుకు. కొత్తదానిలో కూడా ఈ రెండు వెలుగుల తేడా స్పష్టంగా ఉండాలి. బిగించాక మనవణ్ణి ఇరవై అడుగుల వెనుక నిలబెట్టి, పగలొకసారి, రాత్రొకసారి చూడమనండి. తేడా తెలియకపోతే ఆ బల్బు తీసివేయండి.

ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్.ఇ.డి., పసుపు అద్దం వెనుక పసుపు ఎల్.ఇ.డి. పెట్టాలి. తెల్లది పెడితే ఎర్ర అద్దం గులాబీ రంగుకు తిరుగుతుంది. నంబరు ప్లేటు బల్బు వెలగకపోతే చెడిందనుకోకండి. ఎల్.ఇ.డి.లో కరెంటు ఒకే దిక్కున పారుతుంది. తీసి తిప్పి పెట్టండి.

ఇండికేటర్లు మార్చాక చాలామంది కంగారుపడతారు. అవి టకటకా వేగంగా కొట్టుకుంటాయి. పాత ఫ్లాషర్ రిలే కరెంటు తగ్గితే బల్బు మాడిపోయిందని భావించి, మనకు తెలియజేయడానికి అలా చేస్తుంది. ఎల్.ఇ.డి.కి తగిన రిలే వేస్తే సరిపోతుంది. కొందరు దుకాణదారులు రెసిస్టరు కలుపుతారు. అది 25 వాట్లకు పైగా వేడిని కక్కుతుంది. ప్లాస్టిక్‌కు తగిలితే కరిగిస్తుంది. రిలే మార్చడమే మేలు.

ముందు పెద్ద దీపాలను మాత్రం నేను ముట్టుకోలేదు. హాలోజెన్ బల్బులోని తీగ ఉండే చోటును బట్టి దాని వెనుక అద్దపు ఒంపును లెక్కకట్టి చేస్తారు. ఎల్.ఇ.డి. చిప్పుల ఆకారం, అమరిక వేరు. అందువల్ల వెలుగు రోడ్డుమీద పడవలసింది పైకి చెదిరి ఎదుటివాని కళ్లలో పడుతుంది. వెలుగు ఎక్కువగా ఉన్నట్లు మనకు తోస్తుంది గాని, దూరాన గొయ్యి కనబడదు. వెనుకటి రోజుల్లో హెడ్‌లైట్ల మీద నల్లచుక్క పెట్టించింది ఈ మిరుమిట్ల బాధ తప్పించడానికే గదా!

మా ఇంటావిడకు శుక్లాల ఆపరేషన్‌కు ముందు, ఎదురు దీపం పడితే కొన్ని క్షణాలపాటు రోడ్డే కనబడేది కాదు. ఆమె పక్క సీటులో కూర్చునేది. అదే కళ్లు స్టీరింగు వెనుక ఉంటే ఏమయ్యేది? వయసుతోపాటు కంటి కటకం మసకబారి వెలుగును చెదరగొడుతుంది. మనం మిరుమిట్లు గొలిపే ఎదుటి వ్యక్తి స్కూటరు మీద మనవరాలిని ఎక్కించుకుని వచ్చే మన సంఘ సభ్యుడే కావచ్చు.

అయితే ముందు వెలుగు చాలకపోతే ఏం చేయాలి? ఎండకు పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాలను పాలిష్ పట్టించండి. గోడకు ఎదురుగా బండి నిలిపి, దీపాల ఎత్తును మెకానిక్కు చేత సరిచేయించండి. కంపెనీ చెప్పిన హాలోజెన్ బల్బే కొత్తది వేయించండి. దాని గాజును వేళ్లతో తాకనివ్వకండి; చేతి జిడ్డువల్ల బల్బు త్వరగా పోతుంది. వీటన్నిటికంటె ముందు మన కళ్లు పరీక్ష చేయించుకుందాం.

మన దీపం మనకు దారి చూపాలి, ఎదుటివారికి దారి మూయరాదు.