కుంతాలకు కార్తీకంలో పోదాము
(ఉప్పర్వాహి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



గూడ్సు ఆఫీసులో వ్యాగన్ల లెక్కలు వ్రాసుకొనే మేము ఉపన్యాసకులము కాము. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. ఈ ఏడు మన కుటుంబాలన్నీ కలసి కుంతాల జలపాతం చూడవలెనని అనుకున్నాము గదా! ఏరు నిండుగా ఉండే శ్రావణంలోనే పోదామని యువకులు, శివరాత్రికైతే సోమేశ్వరుని దర్శనమూ అవుతుందని పెద్దలు అంటున్నారు. శివరాత్రికి నీరు సన్నబడుతుంది. శ్రావణంలో ఆ అందం వేరు, కాదనము. కాని మేము కార్తీకం అంటున్నాము.

కుంతాల మనకు పరాయి చోటు కాదు. కోర్పనా మీదుగా ఆదిలాబాదు చేరి, నిర్మల్ రోడ్డున నేరేడిగొండ దాకా పోయి అడవిలోకి తిరగవలెను. 1956కు పూర్వం మన రాజురా తాలూకా కూడ ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఇక్కడ మన పెరళ్ళలో కురిసిన వాన వార్ధా, ప్రాణహితల వెంట పోయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కుంతాలలో దూకిన కడెం నీరు ఎగువనే గోదావరిలో చేరి అక్కడికే వస్తుంది.

జలపాతం ఎత్తు దాదాపు 45 మీటర్లు. అడుగుకు చేరుటకు నాలుగు వందలకు పైగా మెట్లు. దిగుట తేలికే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది! మోకాళ్ళ నొప్పులవారు పైనే కూర్చొనుట మేలు.

అసలు భయం మెట్లు కాదు, మడుగులు. విహారానికి వచ్చి వాటిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఈత వచ్చినంత మాత్రాన చాలదు. నురుగు కింద లోతు తెలియదు. గాలి కలసిన ఆ నీరు మనిషిని సరిగా తేల్చదు. నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువ కొండల్లో వాన పడితే ఏరు చూస్తుండగానే పెరుగుతుంది. శ్రావణంలో ఈ నాలుగూ ఒక్కసారే ఎదురవుతాయి.

కార్తీకానికి వానలు వెనుకబడతాయి, నీరు మాత్రం ఇంకా దూకుతూనే ఉంటుంది. పైగా మనకది వనభోజనాల నెల. ఉసిరి చెట్టు దొరికితే దాని కిందే విస్తళ్ళు వేద్దాము. బడిలో ‘ధబ్‌ధబా’ అని నేర్చుకున్న మన పిల్లలు ‘జలపాతం’ అన్న మాటను దాని ఎదుటనే నిలబడి నేర్చుకుంటారు.

బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పార్సిళ్ళు లెక్కపెట్టినట్లు పిల్లలను లెక్కపెట్టే పని మాది. దసరాలోగా పేర్లు ఇవ్వండి. నీళ్ళలో దిగము అని ఒప్పుకొన్నవారి పేర్లే వ్రాసుకుంటాము.