రంజాన్ మాసంలో మన బడి



రంజాన్ వచ్చిందంటే మన కమిటీవారు రసీదు పుస్తకాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. తప్పేమీ లేదు. సర్కారు గ్రాంటు లేని బడి మనది, చందా లేకుంటే నడవదు. కాని ఆ నెలలో బడి లోపలికి వచ్చి చూసేవారెందరు?

చాంద్రమానము ప్రకారం రంజాన్ ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలైనవి. ఆ రెండేళ్లూ తెలంగాణలో పదో తరగతి పరీక్షలు ఆ మాసంలోనే మొదలైనవి. రాత్రి తరావీహ్ చదివి, సహరీకి లేచి, తొమ్మిదిన్నరకు పరీక్ష హాలులో కూర్చున్న పిల్లల కళ్లు ఉపాధ్యాయులము మేము చూచినాము. ఆడపిల్లలకైతే ఇఫ్తార్ వంటపని అదనం. తల్లులు ఈ మాటకు కోపగించుకోవద్దు, పరీక్షల రోజులలో ఆ పని తప్పించండి.

మేము కోరేదేమంటే, పరీక్షలకు ముందు వారాల్లో ఫజ్ర్ నమాజు తర్వాత రెండు గంటలు బడి తెరిపించండి. సహరీ తిన్న కడుపుతో తల తేటగా ఉంటుంది. నిద్ర మధ్యాహ్నం పోవచ్చు.

ఇంకొకటి. జకాత్ నూటికి రెండున్నర, పేదల హక్కు. పేదవాని చేతికి చేరితేనే అది చెల్లుతుందని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు. గోడలకు, సున్నానికి వేరే రసీదు పుస్తకం పెట్టండి.

చదివించడానికి మాలో నలుగురము ఒప్పుకున్నాము. గది తాళంచెవి మాత్రం సెక్రటరీగారి వద్ద ఉన్నది.