కొట్టినోనితో ఎట్ల మాట్లాడాలె?

(నాచారంలో బస్తీ కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



పెండ్లాన్ని కొట్టే మొగోళ్లతో మాట్లాడే కౌన్సెలర్లను ఎట్ల తయారు చేసుకోవాలె అన్నది నాకు ఇచ్చిన అంశం. కౌన్సెలింగ్ అనే మాట బస్తీలల్ల కొత్తదేం కాదు. ఠాణాకు పోయొచ్చిన ప్రతి ఇంటికీ తెలుసు. చాలాచోట్ల అది ఎట్లుంటది? మనోడైతే రెండు లాఠీ దెబ్బలు, నాలుగు బూతులు. పెద్ద కులపోడో, పెద్ద నౌకరి ఉన్నోడో అయితే కుర్చీ, చాయ్. ఆఖరికి ఆమెకు చెప్పే మాట మాత్రం రెండు చోట్లా ఒక్కటే: "సర్దుకపో, పిల్లల మొఖం చూడు." ఆమె కాయితం మీద సంతకం పెట్టి అదే ఇంటికి పోతది. లాఠీ దెబ్బ తిన్నోడు ఆ కోపం ఎస్సై మీద తీయడు గదా. ఎవరి మీద తీస్తడో మీకు తెలుసు.

నాచారం, మల్లాపూర్ షెడ్లల్ల పనిచేసేటోళ్ల ఇండ్లల్ల, ఉప్పల్ దిక్కు అద్దె గదులల్ల రాత్రిపూట లొల్లి అయితే ముందు లేపేది సంఘం అక్కనే, సంఘం అన్ననే. ఠాణా తర్వాత. అంటే మనం నేర్చుకున్నా నేర్చుకోకున్నా ఈ పని మన మీదికి వస్తనే ఉంది. నేర్చుకోకుండ చేస్తే ప్రాణం మీదికి వస్తది. మన ప్రాణం కాదు, ఆమె ప్రాణం.

నేను తెలుగు టీచర్ను. పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్త. ఈ సంగతి మీద మొగోళ్లు మాట్లాడితే వాక్యంలకెళ్లి కర్త మాయమైతడు. "చెయ్యి లేసింది." ఎవరి చెయ్యి? దానంతట అదే లేసిందా? "రెండు దెబ్బలు పడ్డయ్." మొగులు మీదికెళ్లి పడ్డయా? "లొల్లి అయింది", "కోపం వచ్చింది." కౌన్సెలర్ మొదటి పని ఆ వాక్యంలకు కర్తను తిరిగి తెచ్చుడు. "నేను కొట్టిన. నేను జుట్టు పట్టి గుంజిన. బిడ్డ చూస్తుండంగ కొట్టిన." ఈ మాట అతని నోట్లకెళ్లి రావాలె. అతని బదులు మనం చెప్పొద్దు, తిట్టి చెప్పించొద్దు. ఒక్క పూటల రాదు. వారాలు పట్టినా ఇదే అడగాలె: ఏం చేసినవ్? ఆ తర్వాత ఏం చేసినవ్? అప్పుడు పిల్లలు ఎక్కడున్నరు? ముందుగాల "ఎందుకు కొట్టినవ్" అని మాత్రం అడగొద్దు. ఎందుకు అన్నమా, ఇగ ఆమె కథ మొదలు పెడ్తడు. కూరల ఉప్పెక్కువైంది, ఫోన్ల మాట్లాడింది, మా అమ్మకు ఎదురు చెప్పింది. గంట సేపు ఆమె మీద పంచాయితీ నడుస్తది. కొట్టినోడు సాక్షి లెక్క కూసుంటడు.

దీంట్ల మనకు తెలియంది ఏముంది? 1985 జులై 17న కారంచేడుల మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపిన్రు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని చంపిన్రు. ఇట్లాంటివాటిని "రెండు వర్గాల ఘర్షణ" అని రాసేటోళ్లు ఎప్పుడూ ఉంటరు. మనం ఒప్పుకున్నమా? ఘర్షణ కాదు, దాడి అన్నం. ఎవరు చేసిన్రో పేర్లు రాయండి అన్నం. "మీ పిల్లలు కూడ ఏదో అని ఉంటరు" అంటే, అంటే మాత్రం చంపుతరా అని నిలదీసినం. రాజీ కాయితం పట్టుకొని పెద్దమనుషులు వాడకొస్తే, ఆ రాజీల బరువు ఎవరి మెడ మీద పడ్తదో మనకు ఎవ్వరూ చెప్పకుండనే అర్థమైంది. గదే తెలివి ఇంట్లకు తెచ్చుకోవాలె. వాడ మీద పడ్డోన్ని అడిగిన ప్రశ్న ఇంట్ల కొట్టినోన్ని అడగటానికి నోరెందుకు రాదు?

చట్టం కూడ గిదే చెప్తది. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005ల వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమలైంది. దాంట్ల 14వ సెక్షన్ కింద కోర్టు కౌన్సెలింగ్‌కు పంపొచ్చు, ఆమెనైనా, అతన్నైనా, విడివిడిగనైనా, కలిపైనా. ఎట్ల చెయ్యాలన్నది 2006 నియమాలల్ల ఉంది, అది కూడ 14వ నియమమే, గుర్తు పెట్టుకొనుడు సులువు. కౌన్సెలింగ్‌ల కొట్టినోడు తన పనిని సమర్థించుకునుడు చెల్లదు, ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి చెప్పాలె అని రాసి ఉంది. మళ్ల ఇట్ల జరగదు అన్న హామీ తీసుకునుడే అసలు పని. రాజీ మాట ఆమె కోరుకుంటేనే. కౌన్సెలర్ ఇద్దరిల ఎవరికీ చుట్టం కావొద్దు, ఆ కేసుల అతని తరపున నిలబడ్డ వకీలు కావొద్దు. ఇంత సాఫ్‌గ రాసి ఉన్న నియమం చదివినోళ్లు ఎందరు? దాన్ని జిరాక్స్ తీసి తెచ్చిన, ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకోండి. మనం కోర్టు పెట్టిన కౌన్సెలర్లం కాదు, ఆ ఫోజు కొట్టొద్దు. 498-ఎ అని మనం పిలిచిన సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహితల 85వ సెక్షన్ అయింది. ఆమె ఆ కేసు పెడ్తనంటే, రక్షణాధికారి దగ్గరికి పోతనంటే మన కౌన్సెలింగ్ అడ్డం కావొద్దు. "మీరు మాట్లాడుతున్నరు గదా, కేసు వాపసు తీసుకుంటది గదా" అని అతని తమ్ముడు వస్తడు. రెండిటికీ సంబంధం లేదని మొహం మీద చెప్పాలె.

తాగుడు సంగతి. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన్రు. ఆ మంట రాష్ట్రమంత పాకి 1993 అక్టోబర్‌ల సారా బందైంది, 1995ల మొత్తం మద్య నిషేధం వచ్చింది, 1997ల పోయింది. ఆ ఆడవాళ్ల ముందు నేనెంత? తాగుడు బంద్ కావాలె, దాంట్ల నాకు రెండో మాట లేదు. కానీ "తాగిన, తెల్వలే" అన్నోన్ని ఒక్కటి అడుగుండ్రి: తాగినప్పుడు సూపర్‌వైజర్ను కొట్టినవా? ఇంటి ఓనర్ను కొట్టినవా? ఎస్సైని కొట్టినవా? ఎవర్ని కొట్టొచ్చో, ఎవర్ని కొట్టొద్దో ఎంత తాగినా తెలుస్తనే ఉంది. అంటే అది సారా చెప్పిన లెక్క కాదు. తాగుడుకు మందు ఇప్పియ్యండి, అది వేరే పని. తాగుడు మానినంక గూడ కొట్టేటోళ్లు ఉన్నరు, ఒక్క చుక్క ముట్టకుండ కొట్టేటోళ్లూ ఉన్నరు.

ఇగ కౌన్సెలర్ కాబోయే మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ఏడు కారణాలు చెప్పి అడిగిన్రు: చెప్పకుండ బయటికి పోతే, వంట సరిగ చెయ్యకపోతే, అత్తమామలకు మర్యాద ఇయ్యకపోతే, ఇట్లాంటివి. వీటిల ఏదో ఒక్క దానికన్న మొగడు కొట్టుడు న్యాయమే అన్న ఆడవాళ్లు మన తెలంగాణల నూటికి 84 మంది దాకా ఉన్నరు. ఆడవాళ్లు, అక్కా! ఈ గదిల మనం యాభై మందిమి ఉన్నం. లెక్క చేసుకోండి. అందుకే శిక్షణ మొదటి రోజు వేరేటోళ్ల గురించి కాదు. ఆ ఏడు కారణాలు గోడ మీద రాసి, ఏ దాని దగ్గర మన మనసు మెత్తబడుతుందో ఎవరిది వాళ్లు కాయితం మీద రాసుకోవాలె. నాకు చూపియ్యనక్కర లేదు. కానీ రాసుకోనోడు ఆ కుర్చీల కూసోవద్దు.

భయపెట్టే ముచ్చట ఒకటి చెప్పాలె. కౌన్సెలింగ్‌తోని ప్రమాదం పెరగొచ్చు. ఆమె మనకు చెప్పిన మాట అతని చెవిల పడితే ఆ రాత్రి ఏమైతది? అందుకే ముందుగాల ఆమెతో ఒంటరిగ, వేరే రోజు, వేరే తావుల మాట్లాడాలె. ఆమె చెప్పింది అతనికి పోవద్దు. మొదట్ల ఇద్దర్ని ఒక్క గదిల కూసోబెట్టొద్దు. అతను ఎదురుంగ ఉంటే "మంచిగనే ఉంటున్నడు" అంటది, అనకుంటే బతకదు గనక. గొంతు పిసికిండా? చంపుతనని కత్తో కిరోసినో చూపించిండా? కడుపుతోని ఉన్నప్పుడు కొట్టిండా? ఆమె ఇడిచిపెట్టి పోతనని చెప్పిందా, ఈ మధ్యనే పోయిందా? వీటిల ఏదున్నా అది మనం మాట్లాడి తేల్చే కేసు కాదు. ముందు ఆమెకు తావు చూడాలె, సఖి కేంద్రానికో, 181కో ఫోన్ చెయ్యాలె. ముఖ్యంగ గొంతు మీద చెయ్యి వేసిన మొగోన్ని చిన్నగ తీసుకోవద్దు. గుర్తు కనబడకపోవచ్చు, కానీ తర్వాత చంపేటోళ్లల్ల ముందు ఆ పని చేసినోళ్లు చాలమంది.

బయట దేశాలల్ల ఈ పని పాతదే. అమెరికాల బోస్టన్ దగ్గర ఎమర్జ్ అనే సంస్థ 1977 నుంచి కొట్టే మొగోళ్లకు గుంపు తరగతులు పెట్టింది. 1980ల మొదట్ల డులూత్ అనే ఊర్ల పోలీసులు, కోర్టు, ఆడవాళ్ల సంఘాలు కలిసి ఒక పద్ధతి తెచ్చిన్రు. కాలిఫోర్నియాల కోర్టు పంపితే 52 వారాలు పోవాలె. మన దిక్కు బొంబాయిల 1993ల మావా అని మొగోళ్లే ఒక సంఘం పెట్టుకున్నరు. ఇవి విని అందరూ మారిపోయిన్రు అనుకోకండి. మీద చేసిన పరిశోధనలల్ల కనబడ్డ ఫలితం చిన్నదే. మధ్యల తరగతి మానినోళ్లు ఎందరో. అందుకే "నెల రోజులు వచ్చిండు, మారిండు" అని మనం సర్టిఫికెట్ ఇయ్యొద్దు. మారిండో లేదో ఆమెను అడగాలె, ఆరు నెలల తర్వాత కూడ అడగాలె.

మన సంఘంలనే ఒక మాట వినబడ్తది, దాచుకునుడెందుకు. "ఇంటి సంగతి బజారుకెక్కిస్తే అగ్రకులపోళ్లు నవ్వుతరు, ఉద్యమం పలచన అయితది" అని. నవ్వేటోళ్ల ఇండ్లల్ల తలుపులు మూసి ఉంటయ్ గంతే. అంబేడ్కర్ 1942 జులైల నాగపూర్ల మన ఆడవాళ్ల సభ పెట్టినప్పుడు, పెండ్లి అయిన ఆడపిల్ల మొగనికి బానిసగ కాదు, సమానంగ, స్నేహితురాలిగ నిలబడాలె అని చెప్పిండు. ఉద్యమం పలచన అయితదని ఆయన అనుకోలే. 1995ల రూత్ మనోరమ లాంటి వాళ్లు జాతీయ దళిత మహిళా సమాఖ్య పెట్టిన్రంటే మా నొప్పి ఎవరి నొప్పి కిందా కలిపి లెక్క రాయొద్దు అనే.

ఆ కుర్చీల కూసున్నంక ఇంకో మాట కూడ ఎదురైతది. "మేం కూలోళ్లం, మమ్మల్ని బయట అందరూ కొడ్తరు, మీరు కూడ మా మీదనే పడ్తరా?" దాంట్ల మొదటి సగం నిజం. కౌన్సెలర్ పై కులం మనిషి అయితే సిగ్గుపడి అక్కడనే ఆగిపోతది, లేకుంటే "వీళ్లు ఇంతే" అనుకుంటది. రెండూ ఆమెకు చేటే. మన మనిషైతే అనగలదు: "అవును తమ్ముడూ, నిన్ను తక్కువ జేసి మాట్లాడిన్రు, నాకూ తెలుసు ఆ నొప్పి. మంగళవారం రాత్రి నువ్వేం చేసినవ్?" ఈ రెండు వాక్యాలు ఒక్క ఊపిరిల అనగలిగేటోళ్లు కావాలె మనకు. అందుకే మన ఆడపిల్లలకు ఈ శిక్షణ. నియమాలల్ల కూడ కౌన్సెలర్లు వీలైనంత వరకు ఆడవాళ్లే ఉండాలని ఉంది. పక్కన ఒక మొగ కార్యకర్త కూసుంటే మంచిది, కానీ ఆమె మాట్లాడుతుంటే మధ్యల అందుకోకుండ కూసోవాలె. అది కూడ నేర్పాల్సిందే, నవ్వకండి. ఇంకోటి, ఈ పని ఊరికె చేయించొద్దు. కూలి పోగొట్టుకొని వచ్చే అక్కకు ఆ పూట కూలి, బస్ కిరాయి సంఘం ఇయ్యాలె.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇక్కడనే అభ్యాసం. ఒకరు కొట్టినోడి పాత్ర, ఒకరు కౌన్సెలర్, మిగతావాళ్లు కర్త ఎక్కడ మాయమైతున్నడో రాసుకునేటోళ్లు. కొట్టినోడి పాత్రకు మొగోళ్లు పేర్లు ఇయ్యండి. ఆడవాళ్లతోని ఆ పాత్ర వేయిస్తే మీరు నవ్వి ఊకుంటరు. నోటు బుక్కు, పెన్ను తెచ్చుకోండి. చిన్నపిల్లలున్న అక్కలు పిల్లల్ని తీసుకొనే రండి, పక్క గదిల చూసుకునేటందుకు ఇద్దరు తమ్ముండ్లు ఒప్పుకున్నరు.